క్వారీ గోడ దాకా వచ్చిన ఆక్సిజన్

మే 9

అత్తయ్యగారు దిగారు. మోకాలి ఆపరేషన్ అయ్యాక నడక కుదుటపడేదాకా కూతురి దగ్గర ఉండమని డాక్టర్ చెప్పాడట. కూతురి దగ్గర ఒక అల్లుడు కూడా ఉంటాడన్న సంగతి ఆయన ఆలోచించినట్టు లేదు.

సామాను ఒక సూట్‌కేసు, ఒక చేతికర్ర, ఒక మైక్రోస్కోపు. మైక్రోస్కోపును నేనే మోశాను. చంటిపిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తుకోమన్నారు. అలాగే ఎత్తుకున్నాను. ఇప్పుడు భోజనాల బల్లలో సగం దానిది.

ఆవిడ భూగర్భ సర్వే శాఖలో ఉద్యోగమంతా రాళ్ళు చూసి రిటైరయ్యారు. చూడటమంటే అక్షరాలా చూడటమే. రాయిని పల్చగా అరగదీసి, గాజుపలకకు అంటించి, కింద లైటు వేసి, లెన్సులోంచి చూడటం. మా తరం ఆ దశ దాటింది. మేము రాయిని పొడి చేసి, ఆమ్లంలో కరిగించి, మెషీన్‌కు తాగిస్తాం. అది అంకెలు చెబుతుంది. అంకెలకు మోకాళ్ళ నొప్పులుండవు.

అన్నట్టు నా పరిశోధన పేపర్‌ను పత్రికవాళ్ళు ఒప్పుకున్నారు. చిన్న చిన్న సవరణలు చేసి పంపమన్నారు. ఇంత పెద్ద వార్తను సూట్‌కేసు మోస్తూ ఇంట్లో చెప్పాల్సి వచ్చింది. మా ఆవిడ "మంచిది, ఆ బ్యాగు ఇటు పెట్టు" అంది.

మే 12

మా డిపార్ట్‌మెంట్ హెడ్‌గారు పిలిచి విలేకరుల కోసం ఒక పేజీ రాయమన్నారు. జూన్‌లో పెద్ద హాల్లో ఉపన్యాసం. అది జరిగితే పై పదవికి కమిటీ ముందు నా పేరే మొదట ఉంటుందట. పక్క గదిలో శిలాజాలు చూసే నత్తగుల్లలాయన కూడా ఆ పదవి కోసమే చూస్తున్నాడు. పాపం. "మా అక్కయ్యకు కూడా అర్థమయ్యేలా రాయవయ్యా" అన్నారు హెడ్‌గారు. వాళ్ళ అక్కయ్యకు చాలా విషయాలు ఆయనకంటే ముందే అర్థమవుతాయని విన్నాను. అయినా రాశాను:

"రేర్ ఎర్త్ మూలకాలు పద్నాలుగూ సముద్రపు నీటిలో ఒక ఇంటి అన్నదమ్ముల్లా కలిసి తిరుగుతాయి. వాటిలో సీరియం ఒక్కటే వేరు. నీటిలో ఆక్సిజన్ ఉంటే చాలు, అది గుంపు వదిలేసి, మాంగనీసు రేణువులకు అంటుకుని అడుగుకు దిగిపోతుంది. ఆ నీటిలో పుట్టిన సున్నపురాయిలో మిగతావన్నీ లెక్కకు ఉంటాయి, సీరియం మాత్రం తక్కువ పడుతుంది. అంటే, ఏ పాత సున్నపురాయిలో సీరియం లోటు కనిపిస్తే ఆ సముద్రంలో ఒకప్పుడు ఆక్సిజన్ ఉన్నట్టు. మేము రెండు వందల డెబ్బై కోట్ల ఏళ్ళ నాటి రాతిలో ఆ లోటును కనిపెట్టాం. సముద్రం ఊపిరి పోసుకున్నది అందరూ అనుకుంటున్న దానికంటే ముప్ఫై కోట్ల ఏళ్ళ ముందు!"

చివర ఆ ఆశ్చర్యార్థకం హెడ్‌గారి కోసం.

అత్తయ్యగారు బల్ల మీది కాగితం తీసి చదివారు. "కథ బాగుంది అల్లుడుగారూ" అన్నారు. కథట.

మే 17

ఆవిడకు పొద్దుపోవడం లేదని నా రాతి పలకల పెట్టె ఇచ్చాను. పిల్లలకు బొమ్మలిచ్చినట్టు. పొద్దంతా చూశారు. నేను ఇంటికి రాగానే మొదటి ప్రశ్న.

"ఈ సన్న పగుళ్ళ వెంట గోధుమరంగు ఏంటండీ?"

"తుప్పు. ఇనుము అన్నాక ఉంటుంది కదా."

"ఎప్పటి తుప్పు?"

రాయికి జాతకం రాయించలేదని చెప్పాలనుకున్నాను. అల్లుణ్ణి కాబట్టి చెప్పలేదు. "చాలా పాతదే అయ్యుంటుంది" అన్నాను.

"అయ్యుంటుంది" అన్నారు ఆవిడ. నా మాట నాకే తిరిగొచ్చింది, ఇంకొంచెం పల్చబడి.

మే 18

గోధుమరంగు అంటే గోధుమరంగు. అంతే.

మే 25

ఇవాళ భోజనాల దగ్గర యుద్ధం. ఆవిడ మెత్తగా మాట్లాడతారు, అదే కష్టం. గట్టిగా అరిచేవాళ్ళతో గెలవడం తేలిక.

"రాళ్ళు ఎక్కడివి?"

"క్వారీ గోడవి. పొర అక్కడ బ్రహ్మాండంగా బయటపడి ఉంది."

"బయటపడి ఉందంటే ఎండకూ వానకూ బయటే ఉందన్నమాట. పగుళ్ళలోకి వాననీళ్ళు దిగవూ? ఆ నీళ్ళు మట్టిలోంచి వస్తాయి. సీరియాన్ని మట్టిలోనే వదిలేసి, మిగతావాటిని వెంటబెట్టుకొచ్చి మీ రాతిలో పెట్టి పోతాయి. అప్పుడు మీ మెషీన్‌కు లోటు కనిపించదా?"

"ఆ అభ్యంతరానికి పేపర్లో ఒక పేరా ఉందండీ."

"పేరా ఉంది సరే. రాయి ఉందా? ఆ క్వారీ వెనకే బోరు వేసి లోతు నుంచి కోర్ కడ్డీలు తీశారు కదా. వాన చూడని రాయి అది. మీ షెడ్డులోనే పడి ఉంటుంది. అది ఏమంటోంది?"

ఆవిడకు మా షెడ్డులో ఏముందో ఎలా తెలుసు? అడిగితే, "ఆ కొండ నాకు తెలుసు" అన్నారు. ఏదో బంధువుల గురించి చెప్పినట్టు.

మా ఆవిడ గిన్నెలు తీస్తూ, "మీ ఇద్దరి సముద్రంలో ఆక్సిజన్ సంగతి నాకు తెలీదు గానీ ఈ ఇంట్లో నాకు ఊపిరాడటం లేదు" అంది.

జూన్ 2

సరే, కోర్ కూడా కరిగిద్దాం. ఆవిడ నోరు మూయించడానికి అంతకంటే మర్యాదైన దారి లేదు. షెడ్డుకు వెళ్ళి అదే పొర ఉన్న పెట్టె వెతికి తీశాను. మట్టి, సాలెగూళ్ళు. మా ఆవిడ పళ్ళ డాక్టరు. క్లినిక్‌లో పాతబడిన డ్రిల్లు నా ల్యాబ్‌కు వస్తుంది. దానితో కోర్ లోంచి పిండిలాంటి పొడి తీశాను. క్వారీ రాయిలో కనిపించే గోధుమరంగు దీనిలో ఎక్కడా లేదు. బూడిదరంగు, నున్నగా, అప్పుడే కోసిన సబ్బులా. చూడముచ్చటగా ఉంది. దీనిలో సీరియం లోటు ఇంకా శుభ్రంగా వస్తుంది.

జూన్ 6

మెషీన్ బాగాలేదు.

జూన్ 7

మెషీన్ ఇవాళ కూడా బాగాలేదు.

జూన్ 9

మెషీన్ నడిపే అమ్మాయిని డిపార్ట్‌మెంట్‌లో అందరం ప్లాస్మా అంటాం. మెషీన్‌లోని ప్లాస్మా మంట వెలిగిందో లేదో చూడందే ఎవరి నమస్కారమూ తీసుకోదు. మళ్ళీ నడపమంటే తల ఊపలేదు.

"మెషీన్ బాగానే ఉంది సార్."

"బాగుంటే క్వారీ రాళ్ళలో వచ్చిన లోటు దీనిలో ఎందుకు రాలేదమ్మా?"

"మనకు ముందే జవాబు తెలిసిన రాయి పొడి మధ్యమధ్యలో పెడతాం కదా సార్. అది రెండు రోజులూ అచ్చంగా సరిపోయింది. మెషీన్ బాగుంది. రాయే మీ మాట వినడం లేదు."

ఈ కాలం పిల్లలకు భయం లేదు.

నిమ్మళంగా ఆలోచిస్తే ఇందులో కంగారు పడాల్సిందేమీ లేదు. పాత సముద్రంలో ఆక్సిజన్ అంతటా ఉండాలని ఎవరన్నారు? అక్కడక్కడా చిన్న మడుగుల్లా ఉండి ఉండవచ్చు. క్వారీ ఉన్న చోట ఉంది, బోరు వేసిన చోట లేదు. రెండింటికీ మధ్య దూరం ఒక వీధంత. అంటే సముద్రంలో ఆక్సిజన్ సరిగ్గా క్వారీ గోడ దాకా వచ్చి ఆగిందన్నమాట.

ఎందుకు ఆగకూడదు?

జూన్ 13

ఆగవచ్చు. కోర్ సంగతి ఈ పేపర్లో అవసరం లేదు. అది వేరే పేపర్.

జూన్ 15

"కోర్ ఏమందండీ?" అని అడిగారు.

"ఇంకా రాలేదు" అన్నాను.

ఆవిడ లెన్సులోంచి తల ఎత్తలేదు. అబద్ధం కాదు కూడా. నాకు కావలసింది ఇంకా రాలేదు.

జూన్ 20

ఉపన్యాసం అయింది. హాలు నిండిపోయింది. కుర్చీలు చాలక నత్తగుల్లలాయన గోడకు ఆనుకుని నిలబడ్డాడు. ఆ ఒక్క దృశ్యంతోనే నేను పడ్డ శ్రమకు ఫలితం దక్కింది. హెడ్‌గారు నన్ను పరిచయం చేయడానికి తీసుకున్న సమయంలో ఒక సముద్రం ఎండిపోయి ఉండేది.

మొదటి వరసలో అత్తయ్యగారు, చేతికర్ర మోకాళ్ళ మధ్య పెట్టుకుని. వద్దన్నా వచ్చారు. మాట్లాడుతున్నంతసేపూ నా కళ్ళు ఆ కర్ర మీదే. ఎప్పుడు లేస్తారో, ఎప్పుడు కోర్ మాట ఎత్తుతారో అని. జవాబు సిద్ధంగా పెట్టుకున్నాను. మడుగులు, అంచులు, క్వారీ గోడ, అన్నీ వరసగా.

ప్రశ్నల వేళ ఒక విలేకరి లేచి, "అప్పట్లో ఆ ఆక్సిజన్ ఎవరు పీల్చారు సార్?" అన్నాడు. నవ్వులు. ఇంకొకాయన ఈ రాయితో మందులేమైనా తయారవుతాయా అన్నాడు. అత్తయ్యగారు లేవలేదు. అందరితో పాటు చప్పట్లు కూడా కొట్టారు.

తిరిగి వస్తూ కారులో నేనే ఉండబట్టలేక అడిగాను. "మీరు ఏమీ అడగలేదేం?"

ఆవిడ కిటికీలోంచి చూస్తూ అన్నారు.

"అడిగితే నువ్వు జవాబు చెప్పేస్తావు నాయనా. అందరూ బాగా చెప్పాడంటారు. అది చూడలేకే అడగలేదు."

పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆవిడ నన్ను 'నువ్వు' అనడం ఇదే మొదలు.

జూన్ 21

న్యూస్‌పేపర్లో వేశారు. "తొలి ఊపిరి గుట్టు విప్పిన ప్రొఫెసర్." నా ఫొటో చిన్నది, రాయి ఫొటో పెద్దది. ఆ రాయి నాది కాదు. సున్నపురాయి కూడా కాదు, ఎవరి వంటింటి గట్టుదో గ్రానైటు.

ఫోన్లు వస్తూనే ఉన్నాయి. అందరికీ థాంక్స్ చెప్పాను. గ్రానైటు అని పసిగట్టినవాళ్ళు ఒక్కరూ లేరు. పసిగట్టగల ఆ ఒక్కరూ ఇంట్లోనే ఉన్నారు.

జూన్ 22

రాయడానికి ఏమీ లేదు.

జూన్ 23

ఇవాళ కూడా.

జూన్ 26

ఎవరికీ చెప్పకుండా క్వారీ రాయి ఒకటి, అన్నిటికంటే పెద్దది, రంపం కింద పెట్టి నడిమికి కోశాను. ఎండ తగిలిన అంచు నుంచి లోపలి గుండె దాకా వరసగా డ్రిల్లు చేస్తూ పోయాను. వాన చేసిన పని అయితే అంచులో ఎక్కువ కనిపించాలి, లోపలికి పోయేకొద్దీ తగ్గాలి. సముద్రం చేసిన పని అయితే అంచైనా గుండైనా ఒకటే. ఈ పరీక్ష మొదటి ఏడాది పిల్లలకు నేనే చెబుతాను. నా రాళ్ళకు చేయాలని మాత్రం ఎప్పుడూ తోచలేదు. తోచలేదనే రాస్తున్నాను.

ప్లాస్మా నా చేతిలోంచి గొట్టాలు తీసుకుని, వాటి మీద రాసిన గుర్తులు చూసి, ఏమిటో అర్థమై లోపలికి వెళ్ళింది. వెళ్తూ మొదటిసారి నమస్కారం పెట్టింది. మెషీన్‌లో ప్లాస్మా ఇంకా వెలగనే లేదు.

జూన్ 28

అంచులో పెద్ద లోటు. దాని లోపల కొంచెం తక్కువ. ఇంకా లోపల ఇంకా తక్కువ. గుండెలో ఏమీ లేదు. కోర్ ఎలా ఉందో అలాగే, బూడిదరంగు, సబ్బులా.

రెండు వందల డెబ్బై కోట్ల ఏళ్ళ నాటి ఊపిరి అనుకున్నది మొన్నమొన్నటి వానలు తెచ్చిపెట్టినది. క్వారీ తవ్వాక కురిసిన వానలు కూడా అయ్యుండవచ్చు. ఆ క్వారీ వయసులో నాకంటే చిన్నది.

జూన్ 30

ఇంట్లో చెప్పడానికి నోరు రాక, మధ్యాహ్నం మా ఆవిడ క్లినిక్‌కు వెళ్ళాను. పేషంట్లు లేరు. కూర్చోవడానికి వేరే కుర్చీ లేక పేషంటు కుర్చీలోనే వెనక్కి వాలి, పైన లైటు చూస్తూ అంతా చెప్పాను. గ్లవ్స్ తీయకుండా వింది.

"పైన మరక చూసి పన్ను పుచ్చిందని పీకేశాననుకో. నా లైసెన్సు పీకేస్తారు. మీ దగ్గర అలా చేస్తే ఏం చేస్తారు?"

"ప్రమోషన్ ఇస్తారు."

నవ్వింది. నాకూ నవ్వొచ్చింది. ఆ కుర్చీలో పడుకుని నవ్వితే ఊపిరాడదు, దగ్గొస్తుంది. లేపి కూర్చోబెట్టి నీళ్ళిచ్చింది.

"ఇప్పుడేం చేస్తావు?"

"ఏం చేయమంటావు?"

"నేను చెప్పను. రేపు నా మీదికి తోసేస్తావు. నీ సంగతి నాకు తెలుసు."

జూలై 1

పేపర్ వెనక్కి తీసుకుంటున్నానని ఎడిటర్‌కు రాసి, హెడ్‌గారి గదికి వెళ్ళాను. ముందు తలుపు వేయించారు. తర్వాత ఏసీ పెంచారు. చివరికి బతిమాలారు.

"నువ్వు చెప్పేది నిజమే అనుకుందాం. ఇప్పుడే చెప్పాలా? కమిటీ అయ్యాక చెప్పొచ్చు కదా?"

"అప్పటికి అచ్చయిపోతుంది సార్."

"అవనీ! నిజం ఎక్కడికి పోతుందయ్యా? రెండు వందల డెబ్బై కోట్ల ఏళ్ళు ఆగింది, ఇంకో రెండు నెలలు ఆగలేదా?"

నిజాయితీగా రాయాలంటే, ఈ వాదన నాకు బాగా నచ్చింది. దాదాపు ఒప్పుకునేవాణ్ణి. ఎడిటర్‌కు ముందే పంపేసి రావడం నా ధైర్యం కాదు, నా మీద నాకు నమ్మకం లేకపోవడం.

"విలేకరులకు ఏం చెప్పాలి?"

"పొరపాటని చెబుదాం సార్."

"పొరపాటు వార్త కాదయ్యా" అన్నారు, ఎంతో బాధగా. బయటికి వచ్చేసరికి నత్తగుల్లలాయన కాఫీ ఇప్పిస్తానన్నాడు. నడవలో వార్తలు సముద్రంలో కంటే తొందరగా కలుస్తాయి.

జూలై 2

అత్తయ్యగారికి చెప్పాను. కోర్ ఫలితం ఎప్పుడో వచ్చిందని, మొన్న మీతో చెప్పింది అబద్ధమని. ఆవిడ ముఖంలో గెలిచిన వెలుగు కోసం చూశాను. అది కనిపిస్తే కోపం తెచ్చుకుందామని నా ఆశ.

ఆవిడ మైక్రోస్కోపు లైటు ఆపేశారు.

"ఆ కొండ మీద మూడు ఎండాకాలాలు తిరిగాను. మీ ఆవిడ అప్పటికి చంటిపిల్ల. మా అమ్మ దగ్గర వదిలేసి వెళ్ళాను. తిరిగొచ్చి, 'ఈ కొండలో చెప్పుకోదగ్గదేమీ లేదు' అని రిపోర్టు రాశాను. బీరువాలో పెట్టారు. మీ పేపర్ సంగతి విన్నప్పుడు, పోనీలే, నేనే తప్పు, ఆ కొండలో ఏదో ఉందన్నమాట అనుకున్నాను. ఆ పలకలు మీ తప్పు పట్టడానికి చూశాననుకుంటున్నారా? ఎక్కడైనా ఒక్క చోటైనా ఆ తుప్పు లేకుండా ఉంటుందేమోనని చూశాను. ఉంటే మీరు నెగ్గేవాళ్ళు. నా ఎండాకాలాలూ నెగ్గేవి."

నేను నెగ్గాలని ఈ భూమ్మీద గట్టిగా కోరుకున్న మనిషి ఒకరున్నారు. ఆవిణ్ణి నేను రెండు నెలలుగా తప్పించుకు తిరుగుతున్నాను.

"నన్ను 'మీరు' అనేస్తున్నారేంటి మళ్ళీ?" అన్నాను.

"అల్లుడుగారు కదా మరి" అన్నారు.

జూలై 19

కోర్, క్వారీ రాయి, అంచు నుంచి గుండె దాకా తీసిన వరస, అన్నీ కలిపి కొత్త పేపర్ రాద్దామని మొదలుపెట్టాను. పాత రాళ్ళలో వాన ఎలా మోసం చేస్తుందో చెప్పేది. పెద్ద పత్రిక తీసుకోదు, చిన్నది తీసుకుంటుంది. రాతి పలకల మీద ఆవిడ రాసిపెట్టిన గమనికలు లేకుండా ఇది నిలబడదు. రెండో పేరు మీది వేస్తానన్నాను.

"వద్దండీ. మోకాలు పాడైంది గానీ పేరు ఇంకా బాగానే ఉంది."

అడిగినందుకు నాకిది కావలసిందే.

ఆగస్టు 8

పదవి నత్తగుల్లలాయనకు వచ్చింది. అభినందించాను. బాగా అభినందించానని మా ఆవిడ అంది, అంటే పళ్ళు కొరికినట్టు కనిపించి ఉంటుంది. పళ్ళ సంగతి ఆమెకు తెలియకుండా ఎలా ఉంటుంది?

మీటింగులో హెడ్‌గారు అందరి ముందూ అడిగారు. "అయితే ఇన్నేళ్ళు చేసి తేల్చిందేంటయ్యా?"

"ఏమీ తేలలేదని తేలింది సార్."

ప్లాస్మా ఒక్కతే నవ్వింది. తర్వాత దగ్గుగా మార్చుకుంది.

ఆగస్టు 24

అత్తయ్యగారు వాళ్ళింటికి వెళ్ళిపోయారు. భోజనాల బల్ల మొత్తం ఇప్పుడు నాదే. చాలా హాయిగా ఉంది.

ఆగస్టు 27

ఇంత బల్ల ఏం చేసుకోను?

సెప్టెంబరు 3

కొత్త పేపర్ ప్రతి ఆవిడకు పంపాను. మర్యాద కోసం పంపాను, చదవమని కాదు. సాయంత్రం ఫోన్.

"చివరి పేరాలో 'ఆ సముద్రంలో ఆక్సిజన్ లేదు' అని రాశారు. వెళ్ళి చూసొచ్చారా?"

"సీరియం లోటు లేదు కదండీ, అందుకని..."

"సీరియం లోటు లేదని మీ రాయి చెప్పింది. ఆక్సిజన్ లేదని చెప్పిందా? కొంచెం ఉండి, సీరియాన్ని కదిపేంత లేకపోయి ఉండొచ్చు. ఉండి, గుర్తు చెరిగిపోయి ఉండొచ్చు. మీరు ఉందని ఎగిరినంత ఎత్తూ ఇప్పుడు లేదని ఎగురుతున్నారు."

ఉందంటే తప్పు, లేదన్నా తప్పు. అలాంటప్పుడు మనిషి ఏం రాసి బతకాలి? గట్టిగానే పోట్లాడాను. ఆవిడ మెత్తగా పోట్లాడారు. అన్నం చల్లారిపోతోందని మా ఆవిడ రెండుసార్లు పిలిచి, మూడోసారి ఫోన్ లాక్కుని "అమ్మా, ఈయన తిన్నాక నీ మాట ఒప్పుకుంటాడులే" అని పెట్టేసింది.

తిన్నాక ఆ వాక్యం కొట్టేసి ఇలా రాశాను: "ఆ కాలపు సముద్రంలో ఆక్సిజన్ ఉందనడానికి మా నమూనాల్లో ఆధారం కనిపించలేదు." నీరసమైన వాక్యం. దీన్ని చదివి ఏ హాలూ నిండదు, ఏ విలేకరీ రాడు. ఎటు నుంచి నొక్కి చూసినా మాత్రం సొట్ట పడటం లేదు.

ఫోన్ చేసి చదివి వినిపించాను.

"ఆ 'మా నమూనాల్లో' అన్నారే. ఆ 'మా'లో ఎవరెవరున్నారు?"

"నేనున్నాను. ప్లాస్మా ఉంది. మీరు ఒప్పుకుంటే మీరూ."

"ఊఁ" అన్నారు. అవునన్న ఊఁనో వింటున్నానన్న ఊఁనో తెలియలేదు. అడిగే ధైర్యం కూడా లేకపోయింది.

"సరే, మొదటి నుంచీ ఇంకోసారి చదువు. నా పేరు కింద తప్పులు పోకూడదు కదా" అన్నారు.

మొదటి నుంచీ చదివాను.